మైనం మూత కింద

జూలై 8, 1963, సోమవారం
తడలో ఇంటినుంచి కాలేజీకి తిరిగొస్తూ పులికాట్ ఒడ్డు నల్ల బురద తెచ్చాను. రైల్లో పక్కావిడ ముక్కు మూసుకుని, "ఏందమ్మా, సంచిలో గుడ్లు కుళ్లినాయా?" నేనిక్కడ ఉంటున్నది పిన్ని ఇంట్లో. ఆవిడ ఇంకా నయం — సంచిని గడప దాటనివ్వలేదు, అంతే.

జూలై 9
పి.యు.సి. ఆడపిల్లల క్లాసు. బఠాణీలు ఉడికిన నీళ్లు చల్లార్చి, బురద కలిపి, సీసాలో పైన మైనం కరిగించి పోశాం. ప్రాణవాయువు లేని చోటే పెరిగే సూక్ష్మజీవులు ఉన్నాయనీ, అవి వదిలే వాయువు మైనాన్ని పైకి నెడుతుందనీ చెప్పాను. "గాలి లేకుండా బతికేదేంది మేడమ్!" — సరోజ. సీసా చూసుకునే పని ఆమెకే అప్పగించాను.

జూలై 10
ప్రిన్సిపాల్ గారు పిలిచారు. సోమవారం తనిఖీ. "ఆ ప్రయోగం బాగా చూపించమ్మా. నీ పోస్టు పర్మనెంటు చెయ్యమని అప్పుడే అడగగలను. లేదంటే నెలాఖరుతో సరి." అంటే మళ్లీ తడ... ఇంటి వరండాలో పనీపాటా లేకుండా ఆ చివరినుంచి ఈ చివరికి నడక. వద్దు.

జూలై 11
మైనం కదల్లేదు.

జూలై 12
కదల్లేదు. పాఠం చెబుతూ అటే చూస్తున్నాను కాబోలు — వెనక బెంచీలోంచి, "పెళ్లిచూపుల్లో కూడా ఇంతగా చూడరబ్బా!"

జూలై 13
తెలిసింది. సరోజ రోజూ పొద్దున్నే మైనం పెళ్లగించి, గరిటెతో తిప్పి, మళ్లీ కరిగించి పోస్తోంది!
"ఊరగాయ తిరగేయకుంటే బూజు పడతాది గదా మేడమ్... తడి లేని గరిటేలే."
తిట్టబోయాను. ఎంత శ్రద్ధగా చేసిందో! మిగిలిన బురదతో ఇంకో సీసా. గదికి తాళం.

జూలై 15
కొత్త సీసాలో మైనం ఓ పక్కకి లేచింది! కింద బుడగలే బుడగలు. రెండు సీసాలూ పక్కపక్కన పెట్టాను. తనిఖీకొచ్చిన పెద్దాయన పాతదాన్ని చూపించి, "ఇదెందుకు లేవలేదు?"
నేను నోరు విప్పేలోపే సరోజ నిలబడింది. "నేను దినామూ తెరిచి తిప్పినాను సార్. దానికి గాలి పడదు."
ఆయన నవ్వారు. ప్రిన్సిపాల్ గారు నవ్వలేదు. పోస్టు సంగతి నేనడిగితే "చూద్దాంలే" అని గొడుగు తీసుకుని వెళ్లిపోయారు.
వరండాలో సరోజ — "ఇంకోటి పెట్టి దసరా సెలవుల దాకా ఉంచుదామా మేడమ్? ఈసారి ముట్టను."
"ఉంచుదాం" అనేశాను.
అప్పటికి దాన్ని తెరిచేదెవరో...