సగంల ఇడిసిన చీర

అక్కా,

నువ్వు పోయి ఈ పొద్దుకు ఆరేండ్లు. మొగుని దెబ్బలు తిన్న ఆడోళ్లు తలదాచుకునేటందుకు మన గద్వాలల ఇప్పుడు ఒక కేంద్రం తెరిచిన్రు. పైసలు సర్కారే ఇస్తున్నది. మంచాలున్నయ్, వకీలమ్మ ఉన్నది, దవాఖానకు తోల్కపోను బండి గూడ ఉన్నది.

మా పక్కింటి పద్మ నిన్న మగ్గం మీద చీర సగంల ఇడిసి ఆడికే పోయింది. నేనే తోడువోయిన. ఆడున్న మేడం దానికి చాయ్ ఇచ్చి, "ఎన్ని దినాలైనా ఉండు బిడ్డా" అన్నది. నిజం చెప్త అక్కా, నాకు కండ్లమంట లేసింది. గా చాయ్ నీది. గా మంచం నీది. దానికెట్ల ఇస్తరు?

నువ్వు మూతి పగిలి నా దగ్గరికొచ్చిన్నాడు నేనేమన్న? "మగ్గం మీద చీర సగంల ఇడిసి రావొద్దక్కా, అరిష్టం. చీర దిగినంక రా" అన్న. నువ్వు తిరిగిపోయినవ్. చీర దిగకముందే నిన్ను దవాఖాన నుంచి మోసుకొచ్చిన్రు. మిగిలింది నేనే కూసోని నేసిన.

నిన్న నేను వస్తుంటే పద్మ గేటు దాంక వచ్చి, "వదినా, నా చీర సగంల ఉన్నది" అన్నది.

"ఉండనీ తియ్" అన్న.

గా మాట గూడ నీదే, అక్కా. దానికిచ్చి వచ్చిన.