మగచిరుతకు పరీక్ష

అమ్మకు నమస్కారాలు. ఇక్కడ మేమిద్దరం కులాసా. ఈ పూట కులాసా అన్న మాట కూడా చాలదు, నేల మీద కాలు నిలవడం లేదు. మా అడవిలో మూడు చిరుత కూనలు పుట్టాయి! ఏళ్ల తరబడి ఒక్క కూనా దక్కని చోట, మూడూ తిన్నని తోకలు ఊపుకుంటూ తల్లి వెనకాల నడిచాయి.

తోకల గొడవేమిటంటావా? పెద్ద రోడ్డు పడ్డాక మా అడవి దీవిలా అయిపోయింది. బయటి చిరుత రాదు, లోపలిది పోదు. తండ్రికి కూతురు, అన్నకు చెల్లెలు జత కావలసి వచ్చింది. కొన్ని తరాలు గడిచేసరికి తోకలు వంకరపోయాయి, పిల్లలు పుట్టడమే ఆగిపోయింది. ఆఫీసులో అందరం ఆడవాటినే అనుమానించాం. పశువుల డాక్టరునై ఉండి నేనూ వాటికే మందులు పెట్టాను.

ఓ రోజు నీ కోడలు అన్నం వడ్డిస్తూ, "పరీక్షలన్నీ ఆడవాటికేనా? మగవాటి సంగతి ఎవరైనా చూశారా?" అంది. నాకు పొలమారింది. మగచిరుతలకు మత్తిచ్చి, వీర్యం తీసి మైక్రోస్కోపు కింద పెట్టాం. చాలా కణాలకు తల వంకర, తోక మెలిక. చురుగ్గా కదిలేవి తక్కువ. ఒకదానికైతే వృషణం ఒకటి కిందికి దిగనేలేదు. కొత్త రక్తం కావాలని పైవాళ్లతో పోట్లాడి, దూరపు అడవి నుంచి మగచిరుతను తెప్పించాను. "అల్లుడుగారు దిగారండోయ్!" అన్నాడు జీపు డ్రైవరు. ఆ అల్లుడి పిల్లలే ఇవి.

పిల్లల కోసం కోడలు మందు వేసుకుంటోందా అని అడిగావు. లేదమ్మా, నేనే మాన్పించాను. చిరుతల ఫలితం చూశాక నేనూ పరీక్ష చేయించుకున్నాను. లోపం నాలో ఉంది. నాది వాటిలా దగ్గరి రక్తం వల్ల వచ్చింది కాదు. చికిత్స మొదలైంది, ఫలితం మాత్రం చెప్పలేనన్నాడు డాక్టరు. "అత్తయ్యతో అనకండి, కుంగిపోతారు" అని తనే నా నోరు మూయించింది. ఇవాళ అందరూ వచ్చి నా భుజం తడుతుంటే ఇక ఆగలేకపోయాను. నాకేం సిగ్గుగా లేదు, తలెత్తుకునే రాస్తున్నాను.

ఆదివారం చెల్లాయి బిడ్డను చూడడానికి ఇద్దరం వస్తున్నాం. పిల్లలు లేనిదాని చేతికి పసిగుడ్డును ఇవ్వొద్దని ఆసుపత్రిలో అన్నావట, చెల్లాయి చెప్పి ఏడ్చింది. అమ్మా, మేము గుమ్మంలోకి రాగానే ఆ బిడ్డను నువ్వే తెచ్చి, అందరూ చూస్తుండగా, నీ కోడలి చేతుల్లో పెట్టు.

ఇట్లు,
నీ పెద్దోడు