గోలీ మీద సాక

సూర్యాపేట, 1971 జూలై 6
కోర్టు అయింది. జైలు లేదట. తాగి లారీ నడిపి ఎడ్లబండి యెల్లయ్య కాలు పోగొట్టిండు మా ఆయన — జడ్జి సారేమో దవాఖానల తాగుడు మాన్పిచ్చే గోలీ మింగమన్నడు. రోజూ మింగిచ్చేది నేను. మల్ల కోర్టుకొచ్చి తాగిండా లేదా చెప్పేది గూడ నేనే. తాగింది ఆయన, శిక్ష నాకు!

జూలై 9
డాక్టరు చెప్పిండు — "గోలీ మింగినంక చుక్క పడ్డా ప్రాణం మీదికొస్తదమ్మా." ఈయన తల ఊపుడు సూడాలె, ఎంత బుద్ధిమంతుడో! బయటికొచ్చి బీడీ ముట్టిచ్చి, "గీ గోలీలు నన్నేం జేస్తయే" అన్నడు. సిగ్గు లేని జన్మ.

జూలై 20
మింగినంక నాలుక ఎత్తి సూపిస్తడు. గంత మీసం పెట్టుకొని. థూ.

ఆగస్టు 2
మిల్లు సేటు కబురంపిండు. కోర్టు సరే అంటే లారీ మల్ల ఈయనకే — మిర్యాలగూడకు బియ్యం. యెల్లయ్య కర్ర పట్టుకొని మా గల్లీలకెల్లే పోతడు. ఈయన తలుపెనక దాక్కుంటడు. మొగోడు!

ఆగస్టు 11
ముత్యాలమ్మ బోనాలు. పొద్దున గోలీ మింగిచ్చిన. అమ్మోరి ముంగట నేల మీద సాక పోయంగ కల్లు మిగిలితే, అత్త ముంతల తెచ్చి "తాగు కొడుకా" అంది. అడ్డం పోయిన. "అమ్మోరి సాక తాగుడెట్లయితదే? నోర్మూయ్!" — అత్త.
తాగిండు. మొఖం ఎర్రగయింది... కక్కుడు, గుండె పట్టుకొని ఊగుడు. గల్లీ గల్లీ "అమ్మోరు పూనింది" అని మొక్కుడే! పసుపు నీళ్లు, యాప మండలు. దవాఖానకు ఒక్కరు కదలరు. నేనే రిక్షా పిలిచిన. తొవ్వంతా ఏడ్సిన. గింత అసహ్యం పెట్టుకొని ఏడుపెందుకొచ్చిందో.

ఆగస్టు 13
బతికిండు. "ఏం తాగలే సారూ" — అత్త. డాక్టరు నా దిక్కు సూసిండు. నేను గోడ దిక్కు సూసిన.

ఆగస్టు 14
లేచి కూసున్నడు. మొదటి మాట — "అమ్మోరు కాపాడిందే." రెండోది — "జడ్జికి చెప్పకు. లారీ పోతది."

ఆగస్టు 16
రేపు కోర్టు. తాగలేదంటే ఇంట్ల పొయ్యి వెలుగుతది, ఆయన మల్ల రోడ్డెక్కుతడు. తాగిండంటే జైలు. "ఏమంటవే?" — అత్త పొద్దటి నుంచి గదే మాట.
ఇందాక యెల్లయ్య వచ్చి గడపకాడ కూసున్నడు. "పాణం ఎట్లుందమ్మా మీ ఆయనకు?" అన్నడు. ఆయనకు బాగలేదని ఎవరో చెప్పిన్రట. మంచిగనే ఉన్నడన్న. ఈయన తలుపెనకాలనే ఉన్నడు. యెల్లయ్య కర్ర పక్కన పెట్టి నీళ్లడిగిండు. ఇచ్చిన.
"రేపు కోర్టుకు నేను గూడ వస్తున్నమ్మా... నువ్వు చెప్పేది ఇందామని."