మబ్బుల ఓడ ఆఖరి కట్ట

పదహారో తారీఖు, ఆదివారం మధ్యాహ్నం

పూజ్యురాలైన అక్కకి,

కట్టు కట్టిన కాలికి మెల్లిగా, రెండో కాలికి గట్టిగా తమ్ముడి నమస్కారాలు. ఇక్కడ నేనూ, నీ మరదలూ, నీ రీడింగు రూములో నాలుగు బీరువాలూ క్షేమం. అక్కడ మేనకోడలు నిన్ను మంచం దిగనివ్వట్లేదంటగా, విని చాలా సంతోషించాను. ముప్ఫై ఏళ్ళు పంపుల కార్ఖానా మొత్తాన్నీ నోరెత్తకుండా కూర్చోబెట్టావు. ఇప్పుడు నీ వంతు.

ముందు అసలు సంగతి. రూము ఎక్కడికీ పోదు! మేనేజరు నిన్న సంతకం పెట్టేశాడు. అసలు పోయే సంగతేంట్రా అంటావేమో, చెప్తాను, మధ్యలో తిట్టకు. ఉత్తరం కాబట్టి ఎలాగూ తిట్టలేవు, అదొక సుఖం.

నువ్వు తాళాలు నా చేతిలో పెట్టి, కోతి వేషాలు వెయ్యొద్దని మూడుసార్లు చెప్పి ఆస్పత్రికెళ్ళావా, మర్నాడే మేనేజరు వచ్చి రిజిస్టరు తిరగేశాడు. ఏడాదిలో ఇరవై పుస్తకాలు కూడా కదల్లేదు, నెల్లోపు ఇక్కడ చదివే మనుషులు కనపడకపోతే ఈ గదిలో పంపుల సామాను దింపించేస్తానన్నాడు. నీకు చెప్పలేదు. చెప్తే ఆ కాలితోనే బస్సెక్కేస్తావు.

కింది అరలో ఆ పాత మబ్బుల ఓడ నవల ఉంటుంది చూడు. ఓడ తుఫానులో చిక్కి పైకి లేచిపోయి, మబ్బుల మీదున్న సముద్రంలో తేలుతుంది, అదే. కుట్టు ఊడి కట్టలు కట్టలుగా విడిపోయింది. నేను కుట్టలేదు. మొదటి కట్ట ఒక్కటీ బల్ల మీద పెట్టి, గోడకి అట్టముక్క తగిలించాను. చదివినవాళ్ళు ఏమనిపించిందో చీటీ రాయాలి, చీటీ లేనిదే రెండో కట్ట లేదు అని. ఆ కట్టేమో సరిగ్గా ఓడ నీళ్ళు వదిలి లేచేచోట ఆగింది. అది నా తెలివి కాదు, దారం తెలివి.

వెల్డింగు బాబాయి టీ టైములో ఫ్యాను గాలికని వచ్చి ముందుగా ఇరుక్కున్నాడు. ఇది రాసినాయన జన్మలో బోల్టు బిగించలేదు, ఆ ఓడ అడుగు రెండో గంటకే ఊడిపోవాలి అని చీటీ రాశాడు. కిందనే, రెండో కట్ట తొందరగా ఇవ్వమని కూడా రాశాడు. క్యాంటీను వదినకి ఇంకో కోపం. నలభై మంది ఎక్కిన ఓడలో వంటవాడి మాటే లేదు, వీళ్ళు గాలి తిని బతికారా అని నిలదీసింది. లేతు మిషను పెద్దాయనైతే గాలివాన గురించి అన్ని పేజీలు అవసరమా అని విసుక్కుని, ఆ పేజీలే రెండుసార్లు చదివాడు. ప్యాకింగులో మనం మౌనస్వామి అంటామే, పదేళ్ళలో నాతో పది మాటలు మాట్లాడలేదు, ఆయన చీటీ వెనకా ముందూ నింపేశాడు. నీళ్ళని కిందనుంచి చూడటం గురించి చదివాక, రోజూ పంపుల టెస్టింగు తొట్టి దగ్గర ఆగి, పైన కూడా నీళ్ళున్నాయేమోనని తల పైకెత్తుతున్నాడంట.

చీటీలు గోడకి అంటించాను. ఇక చూడు తగవులు! బాబాయి చీటీ కింద పెద్దాయన చీటీ, దాని కింద వదిన చీటీ. మూడో వారానికి కుర్చీలు చాలక ఖాళీ డ్రమ్ములు బోర్లించాం. ఇంతలో పేరు లేని చీటీలు మొదలయ్యాయి, ఆకుపచ్చ సిరాతో. మన కార్ఖానాలో ఆకుపచ్చ సిరా ఎవరి జేబులో ఉంటుందో నీకు తెలుసుగా. నేనేం ఎరగనట్టు కట్ట కవర్లో పెట్టి ప్యూనుకిచ్చేవాణ్ణి.

నిన్న నెల గడువు. మేనేజరు గది కొలవడానికి టేపు పట్టుకుని వచ్చాడు. ఇరవై ముగ్గురున్నారు, ఒక్కడూ తలెత్తలేదు. ఆయన టేపు జేబులో పెట్టేసి, ఆఖరి కట్ట వచ్చిందా అని నా చెవిలో అడిగాడు. ఇచ్చాను. నుంచుని మొదలెట్టి, డ్రమ్ము మీద కూలబడి పూర్తి చేశాడు. ముగింపే అన్నిటికన్నా బాగుందని రాసి, ఆ చీటీ మీదే కింద, ఈ గది ఇలాగే ఉండాలి అని రాసి సంతకం పెట్టాడు. అంతకుముందే చదివేసిన బాబాయి కూడా ఒప్పుకున్నాడు. ఆఖరికి రాసినాయనకి బోల్టులు బిగించడం వచ్చిందంట!

అందరూ ఒక్కసారే చప్పట్లు కొట్టారక్కా. నీ రీడింగు రూములో చప్పుడు! నువ్వుంటే అందర్నీ బయటికి నెట్టేదానివి.

నీ తాళాలు ఇంకా పోగొట్టని
తమ్ముడు

తా.క. ఆఖరి కట్ట అనగానే నీకు అనుమానం వచ్చే ఉంటుంది. నేను ఏడో క్లాసుతో బడి మానేసి పనిలో చేరిన కొత్తలో, నువ్వు నాకు చదివి వినిపించింది ఈ పుస్తకమే. చివరి కాగితాలు అప్పటికే లేవు. తర్వాత ఏమైందక్కా అని నేను ప్రాణం తీస్తుంటే, నాకూ తెలీదురా, నువ్వే చూసుకో అన్నావు. చూసుకున్నాను. చెదలు తిన్న కాగితాలకి నకలని అందరికీ చెప్పి, డిస్పాచిలో టైపిస్టమ్మతో కొట్టించాను. ఆవిడకీ నీకూ తప్ప ఇంకెవరికీ తెలీదు. బోల్టులు బిగించింది నేనే. వంటవాడికి కూడా పని ఇచ్చాను.

ఓ కాపీ ఈ కవర్లో పెట్టాను, ఆఖరి పేజీ తప్ప. ఓడ దిగిందో లేదో తెలియాలంటే చీటీ రాసి పంపు. అక్కవైనా సరే, రూలు రూలే.