టిష్యూల పెట్టె ఎవరిది?

మొండి తమ్ముడికి, దీవెనలు సగం చీవాట్లు సగం కలిపి అక్క రాయునది.

నువ్వు ఫోను తీయవు. పరామర్శలు వినలేక దాన్ని సొరుగులో పడేశావట, మీ పక్క కొట్టు దర్జీ చెప్పాడు. మీ ఆవిడ పోయినప్పుడు దించిన సెలూన్ షట్టరు ఇంతవరకూ ఎత్తలేదని కూడా అతనే చెప్పాడు. అదంతా సరే. మొన్న నేను వచ్చినప్పుడు "పొద్దున్నే లేవడం ఇక దేనికక్కా?" అన్నావు చూడు, ఆ మాట నాకు ముల్లులా దిగబడిపోయింది. అప్పట్నుంచీ నాకు భయంగా ఉందిరా.

నేను వండిపెట్టే నర్సుల హాస్టల్లో పిల్లల్ని అడిగాను. మీ ఊళ్లో ఒక ప్రైవేటు మానసిక వైద్యశాల ఉందట. గురువారానికి నీ పేరు రాయించాను. గొలుసులు వేయరు, గదిలో పెట్టి తాళం వేయరు. ఒకరు మందులిస్తారు, ఇంకొకరు మాట్లాడిస్తారు. మాట్లాడటం నీకేమైనా కొత్తా? ఇన్నేళ్లూ ఊళ్లోవాళ్ల తలలు చేతిలో పెట్టుకుని వాగుతూనే ఉన్నావు కదా.

వెళ్లకపోతే నా మీద ఒట్టే.

నీ అక్క

తా.క. నిన్న వంటలో ఉప్పు వేయడం మరిచిపోయాను. పిల్లలు అలిగి కూర్చున్నారు. అంతా నీ దిగులే.

*

ఒట్లు పెట్టి చంపే అక్కకు, తమ్ముడు నమస్కరించి రాయునది.

వెళ్లాను. ముందు పెద్ద డాక్టరు. నిద్ర పడుతోందా, తింటున్నారా అని అడిగి, "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని కూడా అడిగేశాడు, కాఫీ తాగుతారా అన్నంత మామూలుగా. అప్పుడప్పుడు అనిపిస్తోందన్నాను. కంగారుపడలేదు, నీతులు చెప్పలేదు. అలా అనిపించినప్పుడు ఎవరికి కబురు చేస్తారన్నాడు. నీ పేరే చెప్పాను. మాత్రలు రాసి, గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో మానేయొద్దన్నాడు.

ఆయన సంగతి బాగానే ఉంది. పక్క గదిలో కౌన్సిలరమ్మ సంగతే బాగోలేదక్కా. నన్ను కూర్చోమని, తను ఎదురుగా కూర్చుని, ఇక ఊరుకుంది. ఎంతసేపు చూసినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. మా కుర్చీలో కూర్చున్న మనిషి అలా పలక్కుండా ఉన్నాడంటే ఇంట్లో ఏదో జరిగిందన్నమాటే. మెల్లిగా కదిలించి, నవ్వించి పంపాలి. నాకు తెలిసిన పని అదొక్కటే. పైగా బల్ల మీద టిష్యూల పెట్టె. పాపం, ఎప్పుడు ఏడుపు ముంచుకొస్తుందో అని దగ్గరే పెట్టుకుంది. గోడ గడియారం కేసి ఊరికే చూస్తుంది. ఇంటికి వెళ్లాలంటే భయమేమో.

ఒకే దువ్వెన కోసం కొట్టుకున్న ఇద్దరు బట్టతల వియ్యంకుల కబురు చెప్పాను. కొంచెం నవ్వింది. వచ్చే వారం కూడా వెళతాను.

నీ తమ్ముడు

తా.క. ఆమె జుట్టు కుడివైపు కంటే ఎడమవైపు ఒక వేలెడు పొడుగుంది. అద్దం చూసుకునే ఓపిక కూడా లేదన్నమాట.

*

తెలివి తెల్లారిన తమ్ముడికి, అక్క తల పట్టుకుని రాయునది.

నీ గోడు చెప్పుకోమని పంపితే ఆవిడ గోడు వినడానికి తయారయ్యావా? మూగదాన్ని కూర్చోబెట్టి వైద్యమంటే ఒప్పుకుంటావా? వెంటనే పెద్ద డాక్టరుతో చెప్పు, నోరున్న మనిషిని ఇమ్మను. నీకు నచ్చకపోతే మనిషిని మార్చమని అడగొచ్చట, తప్పేం లేదట, మా పిల్లలు చెప్పారు.

బట్టతల వియ్యంకుల కబురు నేను లక్షసార్లు విన్నాను. ఆవిడ నవ్విందంటే నిజంగానే ఆరోగ్యం బాగోలేనట్టుంది.

మాత్రలు మాత్రం మానకు.

నీ అక్క

తా.క. మధ్యాహ్నం ఫోను మోగినట్టనిపించి గరిటె పడేసి పరిగెత్తాను. ఎవరూ లేరు. చెవులు పాడవుతున్నట్టున్నాయి.

*

జాలీ దయా లేని అక్కకు, తమ్ముడు రాయునది.

మార్చమని అడగను. ఈ స్థితిలో నేనూ వదిలేస్తే ఆ మనిషి ఏమైపోవాలి? వెళ్లిన ప్రతిసారీ కొత్త పెట్టె కనిపిస్తోంది. అంటే వారానికొక పెట్టె ఏడుస్తోందన్నమాట! నా మాసిన గడ్డం చూస్తే ఇంకా దిగులుపడుతుందని గురువారం గురువారం గీసుకుంటున్నాను. చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాను. ఏం కబురు చెప్పి నవ్వించాలా అని బుధవారం నుంచే ఆలోచన.

నోరు లేదని కాదు. అప్పుడప్పుడు "మీకేమనిపిస్తోంది?" అంటుంది. తనకేమీ అనిపించడం లేదు కాబోలు, నన్నడిగి తెలుసుకుంటోంది. మొన్న ఉన్నట్టుండి "మీ ఆవిడ గురించి చెప్పండి" అంది. ఆ కబురు ఈవిడ తట్టుకోగలదా? మాట మార్చేశాను.

నీ తమ్ముడు

తా.క. ఈసారి తలుపు దాకా వచ్చి "వచ్చే వారం తప్పకుండా రండి" అంది. నా మీద కొంచెం నమ్మకం కుదిరింది.

*

తమ్ముడికి, అక్క చేతులు వణుకుతూ రాయునది.

ఆ వైద్యశాలకు ఫోను చేశాను, మూగామె మీద ఫిర్యాదు చేద్దామని. ఫోను తీసిన పిల్ల "మీ తమ్ముడుగారు ఇక్కడికి వస్తున్నారో లేదో చెప్పకూడదండీ" అంది. వాడి ముక్కు తుడిచి పెంచినదాన్ని నేను, పేరు రాయించింది నేనే అన్నాను. "క్షమించండి" అంది. రోగి కబుర్లు బయటపెట్టకపోవడం పద్ధతేనని మా పిల్లలు అంటున్నారు. నేను నమ్మను.

నిజం చెప్పరా. వెళ్తున్నావా, ఇంట్లో పడుకుని నాకు కథలు రాస్తున్నావా? ఇంకో భయం కూడా పట్టుకుంది. అసలు ఆ కౌన్సిలరమ్మ ఉందా? నీకు కాక ఇంకెవరికైనా కనిపిస్తోందా?

నీ అక్క

తా.క. మళ్లీ ఉప్పు. ఈసారి రెండుసార్లు వేశాను.

*

అక్కకు, కళ్లు వాచిన తమ్ముడు రాయునది.

ఉంది. నీ ఉత్తరం ఆమెకే చదివి వినిపించి "మీరు ఉన్నారా అండీ?" అని అడిగాను. పకపకా నవ్వింది. తర్వాత "మీరిక్కడికి ఎవరి కోసం వస్తున్నారు?" అంది. "మీ కోసమే" అన్నాను. పెట్టె నా వైపు జరిపింది.

"ఇది నాది కాదండీ. మొదటి రోజు నుంచీ మీదే."

"మరి వారం వారం కొత్తది?"

"మీకు ముందు వచ్చేవాళ్లు ఖాళీ చేస్తారు." మళ్లీ తనే అంది, "మీరు నన్ను ఓదార్చడానికి వస్తున్నారని రెండో వారమే తెలిసింది. ఏదో ఒకలా వస్తున్నారని ఊరుకున్నాను. ఇప్పుడు మీరు చెప్పండి."

మళ్లీ అదే మౌనం. ఈసారి ఏ కబురూ తట్టలేదక్కా. చెప్పేశాను. మందులకి జుట్టు రాలిపోతుంటే మీ మరదలు "ఎవరి చేతా వద్దు, నువ్వే తీసేయ్" అంది కదా. ఆసుపత్రి మంచం మీద కూర్చోబెట్టి నేనే గుండు చేశాను. అద్దం చూసుకుని "బాగుంది, పని నేర్చావు" అంది. ఆ తర్వాత నేను కత్తెర పట్టలేదు. పడితే ఆ తలే కనిపిస్తుంది. ఇది చెప్పి ఏడ్చాను. ఏడుపు మధ్యలోనే "టైమైపోయింది, మిగతాది వచ్చే వారం" అంది. మిగతాది బయట మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

ఇవాళ షట్టరు సగం ఎత్తాను. నా కుర్చీలో నేనే కూర్చున్నాను. కత్తెర ఇంకా ముట్టుకోలేదు.

నీ తమ్ముడు

తా.క. నీ ఉత్తరాలన్నీ వరసపెట్టి చదివాను. ఉప్పు, చేతుల వణుకు, మోగని ఫోను. నా సంగతి తప్ప నీ సంగతి ఒక్క ముక్క లేదు. ఆ ఫోను మీ మరదలిదే కదూ?

*

నన్ను పట్టేసిన తమ్ముడికి, అక్క రాయునది.

దానిదే. మధ్యాహ్నం గిన్నెలు కడిగే వేళకి రోజూ చేసేది. ఏం వండావు వదినా, ఎవరు అలిగారు, మీ తమ్ముడు ఏం వాగాడో విన్నావా అని. అంతే, పెద్ద కబుర్లేం కాదు. అది పోతే అందరూ నిన్నే ఓదార్చారు, ఓదార్చాలి కూడా. ఆడపడుచుని ఎవరడుగుతారురా? నేనూ అడగనివ్వలేదు. నీ మాట నాకు ముల్లులా దిగిందన్నాను చూడు, ఆ మాట అప్పటికే నాలో ఉంది. రోజూ పొద్దున్నే నేనూ అదే అనుకుంటూ లేచేదాన్ని. అందుకే అంత గుచ్చుకుంది.

నిన్న ఇక్కడే ఒక కౌన్సిలరమ్మ దగ్గరికి వెళ్లాను. మంచం మీద పడుకోబెడతారేమో అనుకున్నాను, మామూలు కుర్చీయే. నువ్వు రాసినవన్నీ గుర్తుపెట్టుకుని, పెట్టె నాదేనని తెలిసి మరీ కూర్చున్నాను. సగం ఖాళీ చేశాను.

ఫోను సొరుగులోంచి తియ్యి. ఇకనుంచి మధ్యాహ్నం నేను చేస్తాను. కత్తెర ముట్టుకోగలిగిన రోజు చెప్పు, మొదటి తల నాదే.

నీ అక్క

తా.క. అన్నీ తెలుసుగానీ, తమ్ముడూ, మా కౌన్సిలరమ్మ మొహం చూస్తే మాత్రం పాపం నిజంగానే ఏదో కష్టం ఉన్నట్టుంది. ఆ బట్టతల వియ్యంకుల కబురు చివర్లో ఏమవుతుందో మరిచిపోయాను, కాస్త రాసి పంపు.