రెండే సీట్ల బండి

22 సెప్టెంబర్ 2025, వేలూరు

కొత్త వాల్యుయేషన్ కేసు. గుడియాత్తంలో చనిపోయిన గోపాలస్వామి అనే లుంగీల వ్యాపారి ఇంట్లో 1962 నాటి ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు ఉంది. ఎర్రది. రెండే సీట్లు. భార్య లక్ష్మీకాంతమ్మకూ, తమ్ముడు పూర్ణచంద్రకూ చెరి సగం. బండి ఎవరు ఉంచుకుంటే వాళ్ళు రెండోవాళ్ళకు సగం ధర ఇవ్వాలి. న్యాయమైన ధర నేను చెప్పాలి.

పూర్ణచంద్ర ఫోన్లో సార్ లేడా అని అడిగాడు. సార్ నేనే అన్నాను.

మా ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళే అందరూ, చదవగలిగేది నేనొక్కదాన్నే. డైరీకి తాళం అక్కర్లేదు.

24 సెప్టెంబర్, గుడియాత్తం నుంచి వచ్చాక

ఇంజన్ బాగుంది. తుప్పు తక్కువ. బానెట్ ఎత్తితే ఇత్తడి ప్లేటు పూజగదిలో దీపంలా మెరుస్తోంది. ఛాసిస్ నెంబరు ఉండాల్సిన చోట నున్నటి ఇత్తడే ఉంది! ఏటా ఆయుధపూజకు చింతపండుతో తోమారట. “నేనే తోమినానమ్మా, ఆయనకి బండి తళతళా అని ఉండాల” అంది లక్ష్మీకాంతమ్మ, గర్వంగా. కాగితాల్లోని బండి ఇదేనని చెప్పేది ఆ నెంబరే, అది లేకపోతే ధర సగానికి పడిపోతుందని చెప్పాల్సి వచ్చింది. ఆమె చేతులు కొంగులో దాచుకుంది. నాకు చాలా బాధేసింది.

పూర్ణచంద్ర మాత్రం హుషారుగా తక్కువే రాయమన్నాడు. వదినకు సగం పడేసి, బండిని బెంగుళూరులో అమ్మాలని అతని ప్లాను.

ఆమెకు అమ్మే ఉద్దేశమే లేదు. పెళ్ళయిన కొత్తలో ఇంటినిండా జనమట. ఆదివారం సాయంత్రం గోపాలస్వామి ఆమెను ఇందులో పేర్ణాంబట్టు దాకా తిప్పుకొచ్చేవాడు. “మా అత్త వస్తానన్నా సీటు యాడుండాది?” అని నవ్వింది.

25 సెప్టెంబర్

టిఫిన్‌లో చింతపండు చట్నీ. తినబుద్ధి కాలేదు.

27 సెప్టెంబర్

మళ్ళీ వెళ్ళాను. నెంబరు ఫ్రేము మీద కూడా కొట్టి ఉంటుంది. అక్కడ ఏళ్ళ తరబడి పూసిన చందనం, కుంకుమ గట్టిపడి ఉన్నాయి. తడిగుడ్డతో నానబెట్టి తుడిచి, కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దాను. ఒక్కొక్క అంకే తేలింది. కాగితాలతో సరిపోయింది. ధర మళ్ళీ పూర్తిగా వచ్చింది.

ఇద్దరికీ ఒకేసారి చెప్పాను. లక్ష్మీకాంతమ్మ ముందు సంతోషించింది. తర్వాత మెల్లిగా “ఈ రేటుకి సగం నేను యాడ తెస్తానమ్మా, నాకుండేది రెండు మగ్గాలే గదా” అంది. నా నిజాయితీ ఆమె నెత్తినే పడింది. రిపోర్టు మాత్రం మార్చను.

వాళ్ళ ఇళ్ళలో ఒక పద్ధతి ఉందట. పంచడానికి వీల్లేని వస్తువుకు చిన్నవాడు ధర చెబుతాడు. వస్తువు కావాలో డబ్బు కావాలో పెద్దవాడి ఇంటివాళ్ళు ఎంచుకుంటారు. మాట దాటకూడదు. నా రిపోర్టు ఊరికే చూసుకోవడానికట. ఫీజు మాత్రం ఇచ్చారు.

3 అక్టోబర్

పూర్ణచంద్ర ఫోన్. ఒకటే అరుపులు. పెద్దమనుషుల ముందు నా ధరలో సగమే చెప్పాడట, వదినకు తక్కువ ఇస్తే సరిపోతుందని. “ఆమెకి బండి తోలేకే రాదు, దుడ్డే తీసుకుంటాదనుకుంటిని మేడమ్!” ఆమె బండి అడిగింది. అతని వాటా కింద తన రెండు మగ్గాలూ ఇచ్చేసింది.

వాల్యూయర్‌గా నేనైతే ఒద్దనేదాన్ని. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నవ్వుకున్నాను, ఒకసారి ఏడుపు కూడా వచ్చింది.

5 అక్టోబర్, ఆదివారం

రమ్మంటే వెళ్ళాను. ఆమె తన పాత సీట్లో కూర్చుని, తాళం నా చేతిలో పెట్టింది. బండిని ఊరు దాటించాను. పేర్ణాంబట్టు రోడ్డు మలుపులో, “ఆయన ఈడ మూడో గేరు వేస్తా ఉండె” అంది.

వేశాను.