ఎవరి బల్ల వాళ్ళదే

వదినా, నేను కులాసా. దగ్గు పూర్తిగా పోయింది, బెంగపడకు.

ఫాదర్ గారు గుడిలో కూర్చునే బల్లలన్నీ నా చేత బాగుచేయించారు. ఈ విచారణలో, అంటే ఈ గుడికొచ్చే ఊళ్ళో, పై వీధి వాళ్ళు కుడివైపు, కింది వీధి వాళ్ళు ఎడమవైపు. ఒకరి పొడ ఒకరికి గిట్టదు. ప్రతి ఇంటికీ తాతల నాటి బల్ల, దాని వెనక ఇంటి గుర్తు. నాకేం తెలుసు? చేతికొచ్చిన బల్ల తోచినచోట వేసేశాను. ఆదివారం చూడాలి! ఎవరి బల్ల వాళ్ళు వెతుక్కుని కూర్చునేసరికి రెండు వీధులూ కలగాపులగం. లేచి అవతలికి పోదామంటే బల్ల వదులుకోవాలి, అదెంత పరువు తక్కువ! పూజ మధ్యలో "పక్కవాళ్ళకి శాంతి చెప్పండి" అన్నారు ఫాదర్. పై వీధి దర్జీ తాత గొణుక్కుంటూనే పక్కనున్న కింది వీధి రొట్టెల కొట్టావిడకి దణ్ణం పెట్టాడు. ఆవిడ కళ్ళొత్తుకుంది. నాకు తిట్లు తప్పవనుకున్నాను. పూజయ్యాక ఫాదర్ నా చెవిలో, "ఎవరూ జరపకముందే వాటిని నేలకి బిగించెయ్యి" అన్నారు.

నా కంబళి పంపు. పాపకి పళ్ళొచ్చాయా? వంటింటి తలుపు ఇంకా కిర్రుమంటోందా?

నాన్న చిత్రిక నేనెత్తుకొచ్చానని అన్నయ్య రెండేళ్ళుగా నాతో మాట్లాడడం లేదు కదా. ఈ బల్లలన్నీ దాంతోనే నునుపు చేశాను. వచ్చేటప్పుడు తెచ్చి వాడి చేతిలో పెడతాను. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి.

కవరు దొరక్క కాదు వదినా, కావాలనే ఇది కార్డు మీద రాశాను. కార్డయితే నీకంటే ముందు అన్నయ్యే చదువుతాడు.

నీ మరిది